కుచేలుడి తిరుగు ప్రయాణం



పోయిన వారం కుచేలుడి కథ చెప్పాక చాలామంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, కుచేలుడికి మేడ వచ్చింది. మరి మాకెప్పుడు?" కొందరు సరదాకి అడిగారు. కొందరి మాటల్లో మాత్రం నిజంగానే బాధ ఉంది. ఒక తమ్ముడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడట. రోజూ పొద్దున్నే విష్ణు సహస్రనామం వింటున్నా ఒక్క ఇంటర్వ్యూ కాల్ కూడా రావట్లేదని, "నా భక్తిలో ఏం తప్పుందో చెప్పండి" అని అడిగాడు. పన్నెండు నిమిషాల వీడియోలో చెప్పే సంగతి కాదిది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. తమ్ముడూ, నీ భక్తిలో తప్పేం లేదు. ముందు ఆ మాట పట్టుకో. మిగతాది చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి.

2018లో బీటెక్ అయిపోగానే ఒక బ్యాగు, ఒక దుప్పటి పట్టుకుని ఖమ్మం నుంచి అమీర్‌పేట వచ్చా. మైత్రీవనం వెనక సందులో హాస్టల్, గదికి నలుగురం. కిటికీ తీస్తే ఆకాశం కనపడేది కాదు, అన్నీ బోర్డులే. జావా, పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్. కింద అడుగు పెట్టగానే ఎవరో ఒకరు చేతిలో పాంప్లెట్ పెట్టేవాళ్ళు, "బ్రో, రేపు ఫ్రీ డెమో" అని. అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు ఆ వాతావరణం. అందరికీ ఆశే, అందరికీ భయమే.

మా గది తలుపు వెనక ఒక పాత క్యాలెండర్ ఉండేది. మాకంటే ముందు ఉన్నవాళ్ళెవరో వదిలేసి వెళ్ళారు. ఆ సంవత్సరం ఎప్పుడో అయిపోయింది, అయినా ఎవరం తీయలేదు. దాని మీద వేణువు పట్టుకున్న కృష్ణుడు ఉన్నాడు మరి, దేవుడి బొమ్మని చెత్తబుట్టలో ఎలా వేస్తాం? నేను ఆయనతో ఒక ఒప్పందం పెట్టుకున్నా. జాబ్ వస్తే నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తా, ఏడాది పాటు శనివారం నాన్‌వెజ్ మానేస్తా. నాకైతే ఇది చాలా గొప్ప ఆఫర్ అనిపించింది. ఆయనకెలా అనిపించిందో!

ఆర్నెల్లకి జాబ్ వచ్చింది. ఆఫర్ మెయిల్ వచ్చినప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద సిగ్నల్ దగ్గర ఉన్నా. అమ్మకి ఫోన్ చేస్తే మాట రాలేదు. ఆ ఆనందం ఎంతకాలం ఉందో ఖచ్చితంగా చెప్పగలను. తొమ్మిది రోజులు. పదో రోజు మా గదిలోనే ఇంకొకడికి నాకంటే లక్షన్నర ఎక్కువ ప్యాకేజీతో ఆఫర్ వచ్చింది. వాడు స్వీట్ బాక్స్ తెచ్చి ముందు నాకే ఇచ్చాడు. ఆ కాజూ కత్లీ ఎంత చేదుగా ఉందో నాకు ఇంకా గుర్తుంది. నా జీతం ఒక్క రూపాయి తగ్గలేదు, అయినా సంతోషం మొత్తం పోయింది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణుడు సుఖాలని మూడు రకాలుగా విడదీస్తాడు. మొదట అమృతంలా ఉండి చివరికి విషమయ్యేది ఒకటి, అది రాజసం. మొదట విషంలా అనిపించి చివరికి అమృతమయ్యేది ఇంకొకటి, అది సాత్త్వికం. మూడోది మొదట్నుంచీ చివరిదాకా మత్తులో ముంచేది, నిద్రా బద్ధకాల నుంచి పుట్టేది, తామసం. అర్ధరాత్రి రెండింటికి రీల్స్ చూస్తూ ఉండేవాళ్ళకి దాని గురించి నేను చెప్పక్కర్లేదు. ఈ శ్లోకాలు నాకు ఇంటర్‌లోనే తెలుసు, అర్థం కావడానికి మాత్రం ఆ కాజూ కత్లీ కావాల్సి వచ్చింది.

తర్వాత నాలుగేళ్ళు బాగానే గడిచాయి. 2023లో ఒకరోజు మధ్యాహ్నం వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. పావుగంటలో అయిపోయింది. సాయంత్రానికి లాప్‌టాప్ లాక్ అయింది. ఇంట్లో చెప్పడానికి పది రోజులు పట్టింది. చేసేదేం లేక కొత్త కోర్సు నేర్చుకుందామని మళ్ళీ అమీర్‌పేటే వచ్చా. అదే మైత్రీవనం, అవే మెట్లు. క్లాసులో అందరూ ఇరవై రెండేళ్ళ పిల్లలు, నన్ను "సర్" అంటున్నారు. సిగ్గుతో చచ్చిపోయా.

ఆ రోజుల్లో క్లాసు అయ్యాక మెట్రో ఎక్కకుండా పంజాగుట్ట దాకా నడిచేవాణ్ణి. ఒక్క స్టేషనే కదా. నడుస్తూ కృష్ణుణ్ణి తిట్టేవాణ్ణి. నిజంగానే తిట్టా, దాచడానికేముంది. మొక్కు తీర్చాను, శనివారాలు పాటించాను, ఏకాదశులు కూడా మొదలుపెట్టాను. ఇంకేం కావాలి నీకు?

పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. అటువైపు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, లోపల మనవాళ్ళుంటే బయట మనం ఎలా కూర్చుంటామో. సంచీ, ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు, స్టీలు టిఫిన్ డబ్బా. ఒకరోజు సాయంత్రం ఆ గోడ దగ్గర ఒక పెద్దావిడ నన్ను పిలిచి, ఫోన్లో వాళ్ళ కొడుకు నంబర్ తీసి పెట్టమంది. మాట్లాడించా. భర్త లోపల ఉన్నాడట, ఇరవై రోజులైందట. నేను వెళ్ళబోతుంటే మళ్ళీ పెదాలు కదుపుతూ కూర్చుంది. కృష్ణా, కృష్ణా అంటోంది, మధ్యలో ఇంకేదో చెప్తోంది. నాకెందుకో అడగాలనిపించింది.

"ఏం అడుగుతున్నవమ్మా దేవుణ్ణి?"

"రోజు ఏమడుగుత బిడ్డా? అడిగేది మొదటి దినమే అడిగిన. ఇప్పుడు ఊకె ముచ్చట చెప్తున్న. ఒక్కదాన్నే కూసుంటే ఎట్ల పొద్దువోతది?"

నా సంగతి అడిగింది. జాబ్ పోయిందని చెప్పా. ఇంట్లో చెప్పలేనిది ఆవిడకి ఎలా చెప్పానో తెలీదు. "వస్తది తియ్" అంది చాలా మామూలుగా. మళ్ళీ తన ముచ్చట్లో పడిపోయింది. మర్నాడు వెళ్తే ఆవిడ లేదు. వాళ్ళాయన బాగై ఇంటికెళ్ళాడో, ఇంకేం జరిగిందో నాకు తెలీదు.

ఆ రాత్రి హాస్టల్‌లో కుచేలోపాఖ్యానం తెరిచా. పోతన భాగవతం దశమ స్కంధంలో ఉంటుంది. చిన్నప్పుడు మా తాతయ్య చెప్పిన కథే. కానీ ఆ రోజు కళ్ళకి వేరేగా కనిపించింది.

మనకి గుర్తుండే కథ ఏంటి? పేదవాడు, పిడికెడు అటుకులు, ఇంటికొచ్చేసరికి మేడ. స్టార్టప్ సక్సెస్ స్టోరీలా చెప్పుకుంటాం. మధ్యలో ఏం జరిగిందో చూడండి. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు. భార్య పంపిస్తేనే వెళ్ళాడు. ఆ ఇల్లాలి గురించి మనం మాట్లాడం కానీ, సంస్కృత భాగవతం ప్రకారం ఇరుగుపొరుగు ఇళ్ళలో నాలుగు పిడికిళ్ళ అటుకులు అడిగి తెచ్చి, పాత గుడ్డలో మూటకట్టి ఇచ్చింది ఆవిడే. కృష్ణుడి దగ్గరికి వెళ్ళమని నోరు తెరిచి చెప్పింది ఆవిడే. అవసరం ఉన్నప్పుడు దేవుణ్ణి అడగడం తప్పనే వాళ్ళు ముందు ఆ ఇల్లాలికి సమాధానం చెప్పాలి.

ద్వారకలో కృష్ణుడు దూరం నుంచే చూసి మంచం దిగి పరిగెత్తుకొచ్చాడు. కాళ్ళు కడిగాడు. రుక్మిణీదేవి వింజామర వీచింది. ఆ తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారనుకున్నారు? హాస్టల్ రోజులు! సాందీపని గురువుగారి దగ్గర చదువుకునేటప్పుడు కట్టెల కోసం అడవికి వెళ్ళి గాలివానలో చిక్కుకోవడం, రాత్రంతా దారి తెలియక చెయ్యీ చెయ్యీ పట్టుకుని తిరగడం, తెల్లారాక గురువుగారు వెతుక్కుంటూ రావడం. లోకాలన్నిటికీ ప్రభువు, కూర్చుని పాత రూమ్మేట్‌తో "నీకు గుర్తుందా ఆ రోజు..." అని మొదలుపెట్టాడు. ఇది చదివి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ ఆయనతో ముచ్చట పెట్టలేదు. రిక్వైర్‌మెంట్లు పంపించా, ఫాలోఅప్ చేశా, ఎస్కలేట్ చేశా. అంతే.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. మర్నాడు కుచేలుడు బయల్దేరాడు. అడగాల్సింది అడగలేదు, కృష్ణుడు చేతిలో ఏమీ పెట్టలేదు. ఇంటి దగ్గర మేడ లేచిందని అతనికి తెలియదు. అంటే ఆ దారి పొడుగునా, అతని లెక్కలో, వెళ్ళిన పని కాలేదు. ఇంటికెళ్తే భార్యకి ఏం చెప్పాలి? మనమైతే ఆ దారిలో ఎలా నడుస్తాం? నేనెలా నడిచానో చెప్పాను కదా.

కుచేలుడు సంతోషంతో నడిచాడు. నేనెక్కడ, ఆయనెక్కడ, నన్ను కౌగిలించుకున్నాడు, తమ్ముడిలా చూసి తన మంచం మీద కూర్చోబెట్టాడు అని తలుచుకుంటూ నడిచాడు. డబ్బు ఎందుకివ్వలేదో కూడా తనకి తానే చెప్పుకున్నాడు. ధనం వస్తే కళ్ళు నెత్తికెక్కి నన్ను మర్చిపోతాడని దయతోనే ఇవ్వలేదులే అనుకున్నాడు. మేడ కనిపించక ముందే ఆ సంతోషం పూర్తిగా ఉంది. మేడ చూశాక కూడా ఏం కోరుకున్నాడు? జన్మజన్మకీ ఈ స్నేహం ఉంటే చాలన్నాడు. మేడ లేనప్పుడూ ఉన్నప్పుడూ అది మారలేదు. తొమ్మిది రోజుల లెక్క అక్కడ పనిచేయలేదు.

ఈ కథని ఇంత ఇష్టంగా తెలుగు చేసిన పోతన సంగతీ అంతే. బమ్మెరలో, ఇప్పటి జనగామ జిల్లాలో, వ్యవసాయం చేసుకుంటూ బతికాడని, భాగవతాన్ని రాజుకి అంకితం ఇవ్వలేదని మనవాళ్ళు చెప్పుకుంటారు. ఆయనకి మాత్రం ఇంటి ఖర్చులు లేవా?

అయితే అడగడమే మానేయాలా అంటారేమో. వద్దు. గీత ఏడో అధ్యాయంలో తన దగ్గరికి నాలుగు రకాల వాళ్ళు వస్తారంటాడు కృష్ణుడు. కష్టంలో ఉన్న ఆర్తుడు, తెలుసుకోవాలనుకునే జిజ్ఞాసువు, ఏదో ఒకటి కావాలనుకునే అర్థార్థి, తెలిసిన జ్ఞాని. జ్ఞాని తనకి ఎక్కువ ప్రియమంటాడు కానీ నలుగురినీ మంచివాళ్ళనే అంటాడు. ఎవరినీ గేటు దగ్గర ఆపడు. నాకైతే ఆ శ్లోకం చదివినప్పుడల్లా మన మెట్రోనే గుర్తొస్తుంది. అమీర్‌పేటలో ఎక్కేవాళ్ళంతా అర్థార్థులు, పంజాగుట్టలో నిమ్స్ కోసం దిగేవాళ్ళంతా ఆర్తులు. మధ్య దూరం రెండు నిమిషాలు. ఆ పెద్దావిడ ఆర్తురాలిగా వచ్చింది, మొదటి రోజే అడిగేసింది, ఇరవయ్యో రోజుకి స్నేహితురాలైపోయింది. నేను ఐదేళ్ళు అర్థార్థి దగ్గరే ఆగిపోయా.

అప్పట్నుంచి నేనూ ముచ్చట మొదలుపెట్టా. మొదట్లో ఘోరంగా ఉండేది, అబద్ధం చెప్పను. జపమాల పట్టుకుంటే ఐదో నిమిషానికి చెయ్యి ఫోన్ మీదకి పోయేది. ఇంతకుముందు చెప్పిన "మొదట విషంలా" అన్నది ఇదే కాబోలు అనుకున్నా. అందుకని ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నా. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచే ఆ ఇరవై నిమిషాలు ఏమీ అడగకూడదు. నామం చెప్పుకోవచ్చు, ఆ రోజు జరిగింది చెప్పొచ్చు, కోపమొస్తే తిట్టొచ్చు. అడగడం మాత్రం పొద్దున దీపం దగ్గర ఒక్కసారే. మా తాతయ్య వింటే నవ్వేవాడు, భక్తికి కూడా టైమ్‌షీట్ పెట్టావా అని.

మొత్తం పద్నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. వాటిలో పదకొండోది ఫైనల్ రౌండ్ దాకా వెళ్ళి పోయింది. మెయిల్ చూసినప్పుడు మైత్రీవనం మెట్ల మీద ఉన్నా. బాధ వేసింది, కడుపులో మెలిపెట్టినట్టు. కిందకి దిగి నడుస్తూ, "ఇది కూడా పోయింది కృష్ణా, వాళ్ళు అడిగిన చివరి ప్రశ్న నాకు రాలేదు" అని చెప్పా. చెప్పి, బండి దగ్గర మిర్చి బజ్జీ తిన్నా. తింటుంటే తెలిసింది, బాధ ఉంది గానీ ఆ పాత ఒంటరితనం లేదు. ఎవరి ప్యాకేజీ ఎంతో గుర్తుకే రాలేదు. వెలుగులూ దర్శనాలూ ఏం లేవు. ఆ సాయంత్రం దారంతా నేను మాట్లాడుతున్నది ఎవరో వింటున్నట్టే ఉంది. కుచేలుడి సంతోషంలో ఒక అటుకు గింజంత దొరికిందేమో.

తర్వాత జాబ్ వచ్చింది, పాత జీతం కంటే తక్కువకే. నడక వల్లే వచ్చిందని మాత్రం నేను చెప్పను. అలా చెప్తే మళ్ళీ మేడ కథే అవుతుంది, నోటీస్ పీరియడ్‌లో ఉన్న మన తమ్ముడు మళ్ళీ తన భక్తిలో తప్పు వెతుక్కుంటాడు. రెజ్యూమె సరిచేసుకోవడం, ప్రాక్టీస్ చేయడం, తెలిసినవాళ్ళని రిఫరల్ అడగడం, ఇవన్నీ నేను చేశా, నువ్వూ చెయ్యాలి తమ్ముడూ. జాబ్ పోయినవాళ్ళతో "అంతా నీ కర్మ" అని మాత్రం ఎవరూ అనకండి. కుచేలుడు వచ్చినప్పుడు కృష్ణుడు కర్మ సిద్ధాంతం చెప్పలేదు, కాళ్ళు కడిగాడు.

ఇప్పుడు నా ఆఫీసు హైటెక్ సిటీలో. అయినా నెలకోసారి అమీర్‌పేటలో దిగి పంజాగుట్ట దాకా నడుస్తా. నిమ్స్ గోడ దగ్గర ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఈ శనివారం కూడా వెళ్తున్నా, సాయంత్రం ఆరింటికి. వీలైతే అప్పటిలోగా కుచేలోపాఖ్యానం ఒకసారి చదవండి, వచనంలో ఉన్నదైనా సరే. అతను ద్వారక నుంచి వెనక్కి నడిచే చోట మాత్రం కాస్త ఆగి చదవండి.

వచ్చే వారం కలుద్దాం. జై శ్రీకృష్ణ!