సంతకము చేసినవారి లోయ

ధ్యానభాగము: లూకా 22:31-34, 54-62



పై వాక్యభాగమునకును సైకిలునకును సంబంధమేమని మీరడుగవచ్చును. పేతురు సైకిలెక్కినవాడు కాడు. అయినను ఫ్రాన్సు దేశపు దక్షిణమున సెవేను అను కొండసీమలో మేము ఒక దినమెల్ల సైకిలు త్రొక్కి, పడి, లేచి, దానిని త్రోసికొని వచ్చిన తరువాతనే ఈ భాగము మాకు కొంత బోధపడినది. గనుక సైకిలుతోనే ఆరంభింతుము.

అది మన ఊళ్లలో పాలక్యానులు, గడ్డిమోపులు మోయు సైకిలు వంటిది కాదు. దానిని మౌంటెన్ బైకు అందురు. టైర్లు లావు, వాటినిండ లోతైన బుడిపెలు. ముందు చక్రమును పట్టియుంచు ఫోర్కులోనే రాతిదెబ్బను మ్రింగివేయు అమరిక కలదు. బ్రేకు రిమ్మును పట్టదు. చక్రము నడుమనున్న ఇనుప బిళ్లను పట్టును. నొక్కుటకు ఒక్క వ్రేలు చాలును, ఆ ఒక్క వ్రేలే మమ్మును పడవేసినది. ఆ సీమలో ఇట్టి సైకిళ్లు తారురోడ్డు విడిచి, వేసవిలో గొఱ్ఱెలమందలను పై మేతబీళ్లకు తోలుకొనిపోయిన ప్రాతబాటల వెంబడి, కంచరగాడిదల దారుల వెంబడి అడవులలో తిరుగుచుండును. నడిచిపోవువారు ఎదురైనచో సైకిలువాడే తప్పుకొనవలెను. మందను కాయు పెద్ద తెల్లకుక్కలున్నచోట దిగి నడచుట మర్యాదయు, క్షేమమును.

మాకు తోడుగా వచ్చినవాడు అక్కడి రిఫార్ముడు సంఘపు పెద్ద, అరువది దాటినవాడు, మాకంటె బాగుగా త్రొక్కును. ఉదయమున కొర్నిష్ అను గట్టుమీదినుండి బయలుదేరితిమి. ఆ గట్టునకు ఒక ప్రక్క వల్లే ఫ్రాన్సేజ్ అను లోయ, ఒక ప్రక్క వల్లే బోర్న్ అను లోయ. గట్టుమీది రోడ్డు చూచుటకు ఎంతయో సుందరముగా నుండును గాని, రాజు తన సైన్యములను ఈ కొండలలోనికి నడిపించుటకే పూర్వము దానిని వెడల్పు చేయించెనని ఆ పెద్ద చెప్పెను. మేము దానిని విడిచి, వల్లే ఫ్రాన్సేజ్ వైపునకు అడవిబాటన దిగితిమి.

అడవియంతయు చెస్ట్‌నట్ చెట్లు. ముండ్లబంతి వంటి తొడుగులో గోధుమవన్నె గింజలు కాయును. బీదజనులకు గోధుమ దొరకని ఆ కొండలలో దానినే రొట్టెచెట్టు అని పిలిచిరి. రాతితో కట్టిన చిన్న గదిలో అటకమీద గింజలు పోసి, క్రింద పొగమంట వారములకొలది ఆరనీయక యుంచి ఎండబెట్టి, చలికాలమంతయు వాటినే ఉడికించి తినెడివారట. ఏటవాలు కొండను మెట్లు మెట్లుగా చేసి, సున్నము లేకుండ రాతిమీద రాయి పేర్చి కట్టిన గోడలు ఇప్పటికిని నిలిచియున్నవి. కొన్ని కూలినవి. చేయువారు లేరు.

దిగునప్పుడు ఆ పెద్ద ఒక్కటే హెచ్చరించెను: రాయిని చూడవద్దు, రాయి ప్రక్కనున్న త్రోవను చూడుమని. కన్ను పోవుచోటికే సైకిలు పోవునట. మేము రాయినే చూచితిమి. సైకిలు తిన్నగా దానిమీదికే పోయెను. భయముతో ముందు బ్రేకు నొక్కితిమి. వెనుక చక్రము పైకి లేచెను. మేము హ్యాండిలు మీదుగా పోయి పలకరాళ్లలో పడితిమి. ఎముక విరుగలేదు, దేవునికి స్తోత్రము. మోకాలు చీరుకొనిపోయినది. ఆ పెద్ద తన సీసాలోని నీళ్లతో గాయము కడిగి, కూలిపోయిన గింజల గది గోడనీడను మమ్మును కూర్చుండబెట్టెను. అక్కడ ఆయన ఆ లోయ కథ చెప్పెను.

1598లో నాల్గవ హెన్రీ రాజు నాంట్ పట్టణపు శాసనము ద్వారా ప్రొటెస్టెంటులకు ఆరాధన స్వేచ్ఛ నిచ్చెను. 1685లో ఆయన మనుమడు పదునాల్గవ లూయీ దానిని కొట్టివేసెను. మందిరములు పడగొట్టిరి. మతము మార్చుకొనని బోధకులు రెండు వారములలో దేశము విడువవలెను. విశ్వాసులు మాత్రము విడువరాదు. మొండివారి యిండ్లలో గుఱ్ఱపుదళపు సిపాయిలను కాపురముంచిరి. వారు తిని, త్రాగి, సామాను పగులగొట్టి, ఇంటివారిని కొట్టి, సంతకము దొరకువరకు కదలరు. ఇది విని మేము, అప్పుడు మీ పూర్వికులు ప్రాణములైనను ఇచ్చిరి గాని లొంగలేదు గదా యని అంటిమి. అట్లని ఎన్నో పుస్తకములలో చదివియుంటిమి.

ఆయన తల యడ్డముగా ఊపెను. తన పూర్వికులందరు సంతకము చేసినవారే యనెను. ఊళ్లకు ఊళ్లు ఒక్కసారే చేసినవట. కొన్నిచోట్ల సిపాయిలు రాకముందే, వచ్చుచున్నారను వార్తకే చేసిరట. ఈ లోయలోని ప్రొటెస్టెంటులము చాలమట్టుకు సంతకము చేసినవారి బిడ్డలమే యని ఆయన తేటగా, సిగ్గుపడక, గొప్పయు చెప్పుకొనక పలికెను.

మేము కొంతసేపు మాటలాడలేదు.

ఆ సంతకములు చేసిన చేతులే కొన్నాళ్లకు రాత్రివేళ దీపములు పట్టుకొని అడవిలోనికి వచ్చినవి. లోయల మలుపులలో, గుహలలో, ఈ చెట్లక్రిందనే కూడిరి. ఇశ్రాయేలీయులను తలంచుకొని ఆ కాలమునకు ఎడారి అని పేరు పెట్టుకొనిరి. పట్టుబడిన మగవారిని గొలుసులతో కట్టి, రాజుగారి యుద్ధపు ఓడలలో తెడ్లు వేయుటకు పంపిరి, స్త్రీలను చెరసాలలో వేసిరి, బోధకులను ఉరితీసిరి. మియాలే గ్రామము దగ్గర మాస్ సుబేరాన్ అను పల్లెలో 1911లో తెరచిన ఎడారి మ్యూజియములో ఆనాటి వస్తువులున్నవి. మడిచినచో ధాన్యపు పీపావలె కనబడు ప్రసంగవేదిక, కొప్పులో దాచుకొనదగినంత చిన్న బైబిలు మొదలైనవి.

అందరును ఓర్పుతో నిలువలేదు. 1702లో కమిసారులను పేర పలువురు కత్తి పట్టిరి. ఒక మతగురువును చంపుటతో ఆ యుద్ధము మొదలాయెను. దానిని మేము మెచ్చుకొనజాలము. పేతురు ఒకని చెవి నరికినందుకు ప్రభువు మెచ్చుకొనలేదు గదా. 1703లో రాజసైన్యము 466 పల్లెలను పాడుచేసి కాల్చివేసెను. కత్తి ఇరువైపులను కోసినది. తరువాత 1715లో ఆంత్వాన్ కూర్ అను ఇరువదేండ్ల యువకుడు కొద్దిమందిని మోంతేజ్ అను చోట సమకూర్చి, ఆయుధములు లేకుండ సంఘమును తిరిగి కట్ట నారంభించెను.

సంతకము చేయనొల్లని వారును కలరు. 1711లో పుట్టిన మరీ దురాన్ అను స్త్రీని 1730లో సముద్రతీరమునకు దగ్గరి ఎగ్ మోర్త్ పట్టణపు గోపురములో బంధించిరి. విశ్వాసము విడిచితినని ఒక్క మాట చెప్పినచో తలుపు తెరచుచుండిరి. ఆమె చెప్పలేదు. 38 సంవత్సరములు అందులోనే యుండి 1768లో బయటికి వచ్చెను. బోధకుడైన ఆమె అన్న పియేర్‌ను 1732లో ఉరితీసిరి. ఆమె వంటివారు మనకు దీపస్తంభములు. కాని ఆమె సంగతి మాత్రమే చెప్పి, ఆ లోయను గూర్చి చెప్పక విడిచినచో మనము సగము సత్యమే చెప్పినవారమగుదుము.

ప్రొటెస్టెంటుల వివాహములను, బిడ్డల పుట్టుకలను లెక్కలో వ్రాసికొనవచ్చునని ఫ్రాన్సు రాజ్యము ఒప్పుకొన్నది 1787లో. సంతకమునకు ఒక దినము పట్టినది. తిరిగి వచ్చుటకు 102 సంవత్సరములు పట్టినవి. మేమును ఆ ఏటవాలున నలువది నిమిషములలో దిగి, గట్టుమీదికి చేరుటకు రెండున్నర గంటలు సైకిలు త్రోసితిమి. మోకాలు వంగదు. ఆ పెద్ద ముందు పోగలిగియు పోలేదు. మా అడుగుకు తన అడుగు తగ్గించుకొనెను.

ఇప్పుడు వాక్యమునకు వత్తము. పేతురు బొంకకముందే ప్రభువు అతని నిమిత్తము ప్రార్థించెను. అతడు పడునని యెరుగును. తిరిగి వచ్చునని కూడ యెరుగును. వచ్చిన పిమ్మట తోటివారిని నిలువబెట్టుమని పని సైతము ముందే అప్పగించెను. పడని వానికి కాదు, పడి వచ్చినవానికే ఆ పని! ఇందువలన బొంకుట చిన్న సంగతి యని మేము చెప్పుట లేదు. కోడి కూసిన తరువాత పేతురు వెలుపలికి పోయి యెంతగా ఏడ్చెనో మీరెరుగుదురు.

మేము ఒక సంగతి ఒప్పుకొనవలసియున్నది. మేమెరిగిన ఒక గ్రామ సంఘములో ఒక సహోదరుడు బిడ్డ చదువు నిమిత్తము తాను క్రైస్తవుడను కానని కాగితముమీద వ్రాసి యిచ్చెను. ఆ తరువాత అతడు గుడిలోనికి రాలేదు. ఆదివారమున గోడ బయట వేపచెట్టు క్రింద కూర్చుండి పాటలు వినెడివాడు. సంఘములో అందరును ఎరుగుదురు; ఎవరును పిలువలేదు. మేమైతే ఒక ఆదివారము యూదా ముప్పది వెండి నాణెములను గూర్చి గట్టిగా, గోడ అవతలికి వినబడునట్లు ప్రసంగించితిమి. మంచి ప్రసంగమని పలువురు మెచ్చుకొనిరి. మరుసటి ఆదివారమునుండి వేపచెట్టు క్రింద ఎవరును లేరు.

ఆ కొండమీద సైకిలు త్రోయుచు మేము తలపోసినది ఆ చెట్టు నీడనే. మేము చూచినది రాయిని. ప్రక్కనున్న త్రోవను చూడలేదు.

మాస్ సుబేరాన్‌లో ఏటేట సెప్టెంబరు మొదటి ఆదివారమున వేలమంది చెట్లక్రింద కూడి ఆరాధింతురు. తెడ్లకు పంపబడినవారి పేర్లు మ్యూజియము గోడలమీద కలవు. సంతకము చేసినవారి పేర్లు అక్కడ లేవు. పాడుటకు వచ్చువారిలో పలువురు వారి సంతతివారు.

స్వదేశమునకు తిరిగి వచ్చిన వారములోనే మేము ఆ సహోదరుని యింటికి పోతిమి. అతడు పశువులకు కుడితి పెట్టుచుండి మమ్మును చూచి చేతులు తుడుచుకొనెను గాని, లోనికి రమ్మనుటకు జంకెను. అతని భార్య మంచము వాల్చెను. ఏమని మొదలుపెట్టవలెనో మాకు తోచలేదు. అతడే మా నడకను చూచి, మోకాలికేమైనదయ్యా అని అడిగెను. చెప్పుటకు కూర్చుంటిమి.