నయము కాని వ్యాధి - మానరాని సేవ

వ్యాధి నయము కానిదని తేలినప్పుడు వైద్యుని ధర్మము, బంధువుల ధర్మము ముగిసినట్లేనా? రోగి పసిబిడ్డ అయినప్పుడు ఈ ప్రశ్న మరింత కఠినమగును. “ఇక చేయగలిగినది లేదు” అన్న మాట విని, బిడ్డను భుజమున వేసికొని ఆసుపత్రి మెట్లు దిగు తల్లిదండ్రులకు అన్ని తలుపులు మూసికొన్నట్లే తోచును. కాని ఆ మాట సత్యము కాదు. రోగమును పోగొట్టు మార్గము లేకపోవచ్చును. బాధను తగ్గించు మార్గము మిగిలియే యుండును. ఆ మార్గమే ఉపశమన వైద్యము.

1982లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున ఫ్రాన్సిస్ డొమినికా అను క్రైస్తవ సన్యాసిని ‘హెలెన్ హౌస్’ను స్థాపించెను. పిల్లల కొరకే ఏర్పడిన ఉపశమన గృహములలో ప్రపంచమున అదియే మొదటిది. మెదడులో కణితి వలన మంచము పట్టిన హెలెన్ అను బాలికను తల్లిదండ్రులు ఇంటనే సాకుచుండగా, వారికి కొంత విశ్రాంతి కలిగించుటకై ఆ సన్యాసిని అప్పుడప్పుడు బాలికను తన యొద్ద ఉంచుకొనెడిది. ఆ చిన్న సాయమే ఆ సంస్థకు బీజమైనది. అలసిన తల్లికి ఒక రాత్రి నిద్ర కల్పించుట కూడ రోగి సేవయే అని దీనివలన తెలియుచున్నది.

ఉపశమన సేవను అంగీకరించుట ఆశ వదలుకొనుట యని పలువురు భయపడుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ఇచ్చిన నిర్వచనము ప్రకారము పిల్లలకు ఈ సేవ వ్యాధి నిర్ణయమైన నాడే ఆరంభము కావలెను. రోగము కుదుర్చు చికిత్స జరుగుచున్నను, లేకున్నను సాగవలెను. కుటుంబమునకు ఆసరా అందులో భాగము. మార్ఫిన్ అన్నచో మరియొక భయము. వైద్యుడు బిడ్డ బరువును, బాధను బట్టి మోతాదు నిర్ణయించి ఇచ్చునప్పుడు అది వ్యసనము కాదు, ఔషధము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన ఈ మందు దొరకుట దుర్లభమైనది. 2014 నాటి సవరణ కొంత వెసులుబాటు కల్పించినది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో పిల్లలకును ఈ సేవ లభించుచున్నది.

మందు వైద్యుడిచ్చును. తక్కినది సమాజము ఇయ్యవలెను. “పూర్వజన్మ కర్మము” అని పలుకు పరామర్శ, బిడ్డ బాధకు తల్లిని దోషిని చేయును. అట్టి మాటకంటె మౌనముగా ఒక పూట వంట చేసి పెట్టుట మేలు. మంచము ప్రక్కన మరచిపోబడిన అన్ననో చెల్లెలినో బడికి పంపుట మేలు. పట్టణమునకు చికిత్సకై వచ్చిన కుటుంబమునకు మఠములో ఒక గది ఇచ్చుట మేలు. బిడ్డ కన్ను మూసిన పిమ్మటను ఆ ఇంటి గడప తొక్కుట మానకుండుట అన్నిటికంటె మేలు.

బసవేశ్వరుడు బోధించిన దాసోహము అన్నదానముతో ముగియునది కాదు. తన కాయకఫలమును “నేనిచ్చితిని” అను భావము లేక అర్పించుట అది. కోలుకొను రోగికి చేసిన సేవలో ఫలము కంటికి కనబడును. కోలుకోని బిడ్డకు చేసిన సేవలో బాధ లేని ఒక పగలు, భయము లేని ఒక రాత్రి మాత్రమే ఫలము. ఆ ఫలము చాలునని తలచువాని సేవయే నిజమైన దాసోహము.