స్వాధ్యాయం, సంతానం: ఏది ముందు?

సూరత్ జిల్లాలో ముంబయి-అహ్మదాబాద్ రైలుమార్గం మీద ఉన్న కిమ్ వంటి ఊళ్ళలో, ఉపాధ్యాయ వృత్తిలో నిలదొక్కుకున్నాకే బిడ్డను కనాలా, బిడ్డ పుట్టాక వృత్తి సంగతి చూసుకోవాలా అన్న ప్రశ్న తెలుగు కుటుంబాలకు ఇటీవలి కాలంలోనే ఎదురైనా, దాని అడుగున ఉన్న ధర్మసందేహం చాలా పాతది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చి సూరత్ మరమగ్గాల మీద బతుకు వెళ్ళదీసుకున్న చేనేత కుటుంబాల పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. తండ్రి పన్నెండు గంటల షిఫ్టు చేసి వచ్చే ఇంట్లో పెరిగిన ఆడపిల్లకు పంతులమ్మ ఉద్యోగం జీతంతో పాటు మర్యాదనూ తెస్తుంది గనుక, అది చేతికందేదాకా మరే బాధ్యతా నెత్తికెత్తుకోరాదని ఆమె అనుకోవడంలో స్వార్థం వెదకడం అన్యాయం.

ఆ ఉద్యోగం చేతికందే దారి మాత్రం సుదీర్ఘమైనది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళ చదువైంది, డిగ్రీ ముగిసేసరికి 21 ఏళ్ళు నిండితే బి.ఎడ్. పూర్తయ్యేసరికి 23 వస్తాయి, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, నోటిఫికేషన్ కోసం నిరీక్షణ ఉంటాయి. గుజరాత్‌లో ప్రాథమిక పాఠశాలకు ఎంపికైన ఉపాధ్యాయులను విద్యాసహాయకులంటారు. వారికి మొదటి ఐదేళ్ళు స్థిరవేతనమే, పూర్తి వేతన శ్రేణి ఆ తరువాతిది. 2023లో వచ్చిన జ్ఞాన్ సహాయక్ పద్ధతిలోనైతే నియామకం 11 నెలల ఒప్పందం మీదనే జరుగుతుంది. కొలువు ఖాయమయ్యేసరికి స్త్రీకి ముప్ఫై దాటడం, 35 తరువాత గర్భధారణ అవకాశాలు తగ్గుతూ రావడం ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. 2017 చట్ట సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరగడం పెద్ద మేలే. అయినా సెలవు ముగిసేనాటికి ఒప్పందమే ఉండదేమోనన్న భయాన్ని అది తీర్చలేదు.

తెలుగు నేలమీద విస్తారంగా అధ్యయనం చేసే కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయోపనిషత్తు బోధన, సంతానం అనే ఈ రెండు ధర్మాలనూ ఒకే చోట నిలిపింది. అందులో శీక్షావల్లి అనే భాగంలోని మూడో అనువాకం, అంటే మూడో ఖండం, సంధి అనే భావనను వివరిస్తూ, ఆచార్యుడు పూర్వరూపం, శిష్యుడు ఉత్తరరూపం, విద్య వారి సంధి అని చెప్పి, వెంటనే తల్లి పూర్వరూపం, తండ్రి ఉత్తరరూపం, సంతానం వారి సంధి అంటుంది. తొమ్మిదో అనువాకంలో సత్యం, తపస్సు, అతిథి సేవ, సంతానం వంటి ప్రతి ధర్మం పక్కనా స్వాధ్యాయ ప్రవచనాలు, అనగా తాను చదువుకోవడం, ఇతరులకు బోధించడం, మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒకటి ముగిశాక మరొకటి అన్న వరుస అక్కడ లేదు. ఏది చేస్తున్నా దానితో కూడా చదువూ బోధనా సాగవలసిందే. స్వాధ్యాయ ప్రవచనాలే తపస్సని నాకుడనే మౌద్గల్యుడు చెప్పిన మతాన్ని కూడా ఆ ఖండం చివర గౌరవంగా నిలిపింది. బోధనకే జీవితాన్ని అర్పించిన వారికి ఆ మాట అండ.

అయితే ఆ ఉపదేశం విన్నవాడు పురుషుడు. అతడు చదువూ సంతానమూ కలిపి నడపగలిగితే, గర్భం మోసి, పాలిచ్చి, ఇల్లు చూసుకున్నది అతని భార్య. ఈ సంగతిని దాటవేసి, శాస్త్రం రెండూ కలిపే చేయమంది గదా అని నేటి ఉపాధ్యాయినికి నీతి చెప్పడం శాస్త్రాన్ని అపార్థం చేసుకోవడమే. కొలువు నియమాలూ స్త్రీకి అడ్డుపడ్డాయి: ఇంగ్లండ్‌లో 1944 విద్యాచట్టం వచ్చేదాకా పెళ్ళయిన స్త్రీలను ఉపాధ్యాయ పదవుల నుంచి తొలగించే నియమం అనేక చోట్ల అమలులో ఉండేది. పురుషుడికి కలిసివచ్చిన రెండు ధర్మాలు స్త్రీ దగ్గరికి వచ్చేసరికి పోటీపడుతున్నాయంటే, ఆ పోటీని పుట్టించింది ధర్మం కాదు, కొలువు నియమాలూ ఇంటి ఏర్పాట్లూ.

అందువల్ల వాయిదాను విచారించేటప్పుడు స్థిరత్వాన్నీ పదోన్నతినీ విడదీయాలి. ఐదేళ్ళ స్థిరవేతన కాలం ముగిసేదాకా ఆగడం పుట్టబోయే బిడ్డ పోషణను ఉద్దేశించిన జాగ్రత్త కనుక, పితృఋణం, అనగా సంతానం ద్వారా పెద్దలకు తీర్చవలసిన బాకీ, ఎగవేసినట్లు కాదు. పదోన్నతి సంగతి వేరు: ప్రధానోపాధ్యాయ పదవి అందితే దాని పైది కనిపిస్తుంది, మధ్యలో నిబంధనలూ మారుతాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, సర్వీసులో ఉన్నవారికి కూడా పదోన్నతి కావాలంటే టెట్ తప్పదని తీర్పు ఇవ్వడంతో ఎందరో మళ్ళీ పుస్తకాలు పట్టవలసి వచ్చింది. అంతులేని ఆ నిచ్చెన కోసం, అంతున్న దేహకాలాన్ని ఖర్చు చేయడం దంపతులిద్దరూ కూర్చుని ఆలోచించుకోవలసిన విషయం. పిల్లలు వద్దనే నిశ్చయానికి వస్తే అదీ వారి హక్కే.

తొమ్మిదో అనువాకంలోని ప్రజాతి అన్న మాటకు శంకరాచార్యులు మనుమడు పుట్టడమని, అందుకోసం కొడుకును సంసారంలో నిలపాలని అర్థం చెప్పారు. దాని ప్రకారం బాధ్యత ముందు తరానిది కూడా. కిమ్‌లో ఒకటి రెండు గదుల అద్దె ఇంట్లో ఉండే కోడలిని, విశేషం ఎప్పుడమ్మా అని తెలంగాణలోని ఊరి నుంచి ఫోనులో అడిగే అత్తమామలకు, ఆమె టెట్ రాసే నెలల్లో వచ్చి పసిబిడ్డను చూసుకోవడం కూడా ఆ ధర్మంలో భాగమే. షిఫ్టు ముగించుకొని వచ్చిన భర్త బిడ్డకు స్నానం చేయించి, ఆమెను పుస్తకం దగ్గర కూర్చోనివ్వడమూ అంతే.