అభ్యంతరం లేదన్నంత మాత్రాన

పంజాగుట్ట నిమ్స్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు 2009 డిసెంబరు గుర్తొస్తుంది. అప్పుడు ఆస్పత్రి లోపల కేసీఆర్ ప్రత్యేక తెలంగాణ కోసం నిరాహార దీక్షలో ఉన్నారు. 7వ తేదీన ముఖ్యమంత్రి రోశయ్య అఖిలపక్షాన్ని పిలిస్తే, శాసనసభలో తెలంగాణ తీర్మానం పెడితే తమకు అభ్యంతరం లేదని ఎక్కువ పార్టీలు చెప్పాయి. 9వ తేదీ రాత్రి, రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించారు. దీక్ష ముగిసింది. మర్నాడే కోస్తా, రాయలసీమ శాసనసభ్యుల రాజీనామాలు మొదలయ్యాయి. 23న అదే హోంమంత్రి, పార్టీలు చీలిపోయాయి గనుక విస్తృత సంప్రదింపులు కావాలన్నారు.

మాట తప్పారని తిట్టుకుని ఊరుకుంటే నాకు సరిపోదు. ఇంతకీ 7న కుదిరిందేమిటి? తీర్మానానికి అడ్డురామన్న మాట. హైదరాబాద్ ఎవరిది, కృష్ణా నీళ్లు ఎలా పంచుకోవాలి, ఉద్యోగులు ఎటు వెళ్లాలి అన్నవి తేలనేలేదు. ఎవరేం వదులుకోవాలో తేలకుండా కుదిరిన ఏకాభిప్రాయం, వదులుకోవాల్సిన రోజు రాగానే విడిపోతుంది. రాష్ట్రం రావడానికి 2014 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నడుమ పోయిన ప్రాణాలను తలచుకుంటే ఇది నాకు ఉత్త సిద్ధాంత చర్చగా తోచదు.

అంతకు చాలా ముందు, ఆంధ్ర, తెలంగాణలను కలపడానికి రెండు వైపుల నాయకులు చేసుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందంలో ఒక్క విషయం మాత్రం నాకు గౌరవం కలిగిస్తుంది. తెలంగాణ నుంచి బూర్గుల, ఆంధ్ర నుంచి బెజవాడ గోపాలరెడ్డి ప్రభృతులు కుదిరినవాటితో పాటు కుదరనివీ రాసిపెట్టారు. రాష్ట్రానికి ఆంధ్ర తెలంగాణ అని పేరు పెట్టాలన్నది ఒక పక్షం, ఆంధ్రప్రదేశ్ అన్నది మరో పక్షం. అమలులో ఆ ఒప్పందానికి జరిగిన అన్యాయం వేరే బాధ. తెలంగాణకు ఉపముఖ్యమంత్రి పదవి అన్న మాట తొలి మంత్రివర్గంలోనే చెల్లలేదు.

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్ మీటింగుల్లోనూ "ఎవరికైనా అభ్యంతరమా అండీ?" అని అడిగి, ఎవరూ పలక్కపోతే ఒప్పుకున్నట్టే రాసుకునేవాళ్లం. ఇప్పుడు ఒక్కొక్కరినీ "ఇది అమలైతే మీకొచ్చే ఇబ్బందేమిటి?" అని అడుగుతున్నాం. ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్ల లెక్కనా, మనుషుల లెక్కనా అన్నది అలా అడిగితేనే బయటపడింది. సగం అలా, సగం ఇలా అనుకున్నాం. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఒకరు ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడ అభ్యంతరాన్ని ఆవిడ మాటల్లోనే మినిట్స్ పుస్తకంలో రాశాం. వానలు పడ్డాక లెక్క మళ్లీ చూడాలన్నది కూడా తీర్మానంలో భాగమే.