లింగమునకు లింగభేదము కలదా?

తెలుగున లింగమను శబ్దమునకు రెండర్థములు ప్రసిద్ధములు. కరస్థలమున వెలయు పరశివ స్వరూపము ఒకటి. స్త్రీ పురుష భేదమును తెలుపు సంజ్ఞ మరియొకటి. భేదమును చెప్పుటకును, భేదాతీతమైన తత్త్వమును చెప్పుటకును ఒకే మాట ఉపయోగపడుచుండుట వింతయే. వీరశైవులకు ఈ వింతలో ఒక ప్రశ్న ఇమిడియున్నది. కంఠమున ఇష్టలింగమును ధరించిన బిడ్డ పురుష దేహముతో పుట్టి స్త్రీగా బ్రతుకగోరినచో, లేదా స్త్రీ దేహముతో పుట్టి పురుషునిగా బ్రతుకగోరినచో, లేదా తనవంటి దేహము గలవారియందే అనురాగము నిలుపుకొన్నచో, ఆ బిడ్డకు ఇంటిలోను, మఠములోను, పంక్తిలోను గల స్థానమేమి? ఈ ప్రశ్నను నేడు కుటుంబములు తలుపులు మూసికొని, చుట్టములకు తెలియనీయక ఎదుర్కొనుచున్నవి. మూసిన తలుపుల వెనుక ఇచ్చుకొను సమాధానము తరచుగా భయమునుండి పుట్టినదే గాని ధర్మమునుండి పుట్టినది కాదు.

శరణుల మాట ఈ విషయమున అస్పష్టముగా లేదు. నేతగాడైన జేడర దాసిమయ్యయు, ధూపద గొగ్గవ్వయు తమ వచనములలో ఒకే సత్యమును బోధించిరి. స్త్రీ అనియు పురుషుడనియు లోకము పెట్టు పేరులు దేహ చిహ్నములకు చెందినవే గాని లోపలి ఆత్మకు చెందినవి కావని వారి నిర్ణయము. శరణ సతి, లింగ పతి యను సిద్ధాంతము దీనికంటె ఒక అడుగు ముందునకు పోవుచున్నది. లింగమొక్కటియే పతి, దేహము ఏదైనను శరణులందరు సతులే. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని పతిగా వరించి, లౌకిక దాంపత్యమును విడిచి, కల్యాణమునకును అచ్చటినుండి శ్రీశైలమునకును నడచినది. ఆమె స్త్రీ గనుక ఆ భావము సహజమని సరిపుచ్చుకొనువారు గజేశ మసణయ్య వచనములను, ఉరిలింగదేవుని వచనములను చదువవలెను. పురుషులై పుట్టిన ఈ ఇరువురును విరహిణియైన నాయిక స్వరముతో లింగమును పిలిచిరి. శరణ పరంపర ఆ వచనములను సిగ్గుపడి దాచలేదు. తాటియాకులపై వ్రాసి తరతరములు కాపాడినది. బసవేశ్వరుడు సైతము ఒక వచనమున స్త్రీత్వ పుంస్త్వములు రెంటిని తనయందే చెప్పుకొనెను.

ఇది కన్నడ దేశమునకే పరిమితమైన భావన యని తలచరాదు. అదే 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున క్లెర్వో మఠాధిపతియైన బెర్నార్డు (1090–1153) బైబిలులోని పరమగీతముపై 86 ఉపన్యాసములు రచించెను. వాటిలో జీవాత్మ వధువు, దేవుడు వరుడు. ఆ మఠములోని వారందరు బ్రహ్మచర్యము పూనిన పురుషులే. కల్యాణమున శరణులు, క్లెర్వోలో సన్యాసులు, ఒకరి పేరు ఒకరెరుగరు. అయినను దేవుని యెదుట పుంస్త్వాభిమానము నిలువదని ఇరువురును కనుగొనిరి.

మన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన కథలను చూచినచో, భక్తికి సతీభావమొక్కటియే దారి కాదని కూడ తెలియును. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లియైనది. తమిళదేశపు కారైక్కాల్ అమ్మ తన రూపలావణ్యములను విడిచి భూతాకారమును కోరుకొన్నది. ఒకరు భార్య, ఒకరు తల్లి, ఒకరు సేవకుడు, ఒకరు ప్రమథగణములలో ఒకరు. పుట్టుకతో వచ్చిన దేహము వారిలో ఎవరి సంబంధమును నిర్ణయింపలేదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మసణయ్యను గాని బసవన్నను గాని నేటి మాటలతో పిలిచి, వారు ఫలానా వర్గమువారని చాటుట న్యాయము కాదు. వారు చెప్పినది అనుభవ స్థితి. తమ వాదమునకు బలము కావలెనని మహాత్ములను సాక్షులుగా ఈడ్చుట, అది ఎవరి వాదమైనను, చరిత్రకు అపచారమే. వారి వచనములు ఈ తరహా వ్యక్తుల కొరకు వ్రాయబడినవా యన్నది కాదు విచారింపవలసినది. ఆ వచనములను పారాయణము చేయువారు ఈ వ్యక్తులయెడ ఎట్లు నడచుకొనవలెనన్నదే విచారింపవలసినది.

లోకము వీరియెడ ఎట్లు నడచినదో చూడుడు. ప్రాచీన రోము నగరమునకు క్రీ.పూ. 204లో సిబెలీ యను మాతృదేవత విగ్రహము తేబడినది. ఆమె పూజారులు గాల్లీలు. పుంస్త్వమును త్యజించి స్త్రీవేషము ధరించువారు. దేవత నగర రక్షకురాలు. ఉత్సవమునకు నగరమంతయు కదలును. కాని రోము పౌరుడు ఆ పూజారులలో చేరుట నిషిద్ధము. క్రీ.పూ. 77లో గెనూకియుసు అను ఒక గాల్లునకు వీలునామా ద్వారా ఆస్తి సంక్రమింపగా, అతడు పురుషుడును కాడు స్త్రీయును కాడు అను కారణముచేత ఆ ఆస్తి దక్కకుండ తీర్పు చెప్పబడినది. పూజకు పనికివచ్చినవాడు వారసత్వమునకు పనికిరాలేదు.

మన దేశమున జరుగుచున్నది దీనికి మిక్కిలి దూరము కాదు. ఉత్తర కర్ణాటకమున ఎల్లమ్మకు అర్పితులైన జోగప్పలు తలపై దేవిని మోసికొని వీధికి వచ్చినప్పుడు ఇల్లాండ్రు బియ్యము పోసి మ్రొక్కుదురు. తెలంగాణమున సంక్రాంతి మొదలు ఉగాది వరకు సాగు కొమురవెల్లి మల్లన్న జాతరలో శివసత్తులు పూనకముతో ఆడుదురు. వారిలో చీరకట్టి పసుపు పూసికొన్న పురుషదేహధారులు కూడ కనబడుదురు. శివసత్తు అను మాటలో శివసతి యను శబ్దమే వినబడుచున్నది. ఆ మల్లన్న కల్యాణము వీరశైవ సంప్రదాయముననే జరుగుచుండుట ఈ పత్రిక పాఠకులకు తెలియని విషయము కాదు. ఆదివారమునాడు వారి నోట భవిష్యవాణి వినుటకు జనము క్రిక్కిరియుదురు. సోమవారమునాడు ఆ మనుష్యునకే అద్దెకు గది ఇచ్చుటకు వెనుదీయుదురు.

దూరమునుండి చేయు నమస్కారము గౌరవము కాదు. శాపము తగులునను భయముతో పది రూపాయలు చేతిలో పెట్టుట దాసోహము కాదు. పవిత్రులని ఊరి వెలుపల నిలుపుటకును, అపవిత్రులని ఊరి వెలుపల నిలుపుటకును ఫలితమున భేదము లేదు. జన్మ, మరణ, రజస్, జాతి, ఉచ్ఛిష్ట సూతకములు ఐదింటిని త్రోసివేసిన మతమునకు ఇది ఇతరులకంటె ముందుగా తెలియవలసినది.

పరిపాలకుల చట్టములు ఈ వెలిని మరింత క్రూరమొనర్చినవి. 1871 నాటి నేరస్థ తెగల చట్టము హిజ్రాల పేరులను పోలీసు జాబితాలో చేర్చించినది. నిజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919 ప్రాంతమున, అట్టి చట్టమే వచ్చినది. స్త్రీవేషముతో బహిరంగ స్థలమున పాడినను ఆడినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చునని దానిలో కలదు. రాజ్యము పోయినను చట్టము పుస్తకములలో మిగిలి, తుదకు 2023 జూలైలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానముచే కొట్టివేయబడినది. దేశమంతటను 2014లో సర్వోన్నత న్యాయస్థానము తృతీయ లింగమును గుర్తించినది. సమ్మతితో కూడిన సజాతి ప్రేమ నేరము కాదని 2018లో తీర్పు చెప్పినది. అట్టివారి వివాహమునకు చట్టబద్ధతను మాత్రము 2023లో అంగీకరింపలేదు.

ఇంటిలోనే స్థానమిచ్చిన సమాజములు లేకపోలేదు. అమెరికాలోని జూనీ జాతివారిలో పురుష దేహముతో పుట్టి స్త్రీల పనులను, వేషమును స్వీకరించువారిని లామానా అందురు. వారిలో వీవా అను వ్యక్తి (1849–1896) నేతలోను, కుండల పనిలోను మేటి. జాతి యొక్క మతకార్యములు క్షుణ్ణముగా ఎరిగిన వ్యక్తి. 1886లో వాషింగ్టను నగరమునకు వెళ్లి నేత విద్యను ప్రదర్శించి, అమెరికా అధ్యక్షుని కలిసికొన్నది. ఆమె మరణించినప్పుడు జూనీ గ్రామము తన పెద్దను పోగొట్టుకొన్నట్లు దుఃఖించినది. ఆమెకు ఆ గౌరవము వీధిలో ఆడి పాడినందున రాలేదు. తన వారి నడుమ నివసించి, మగ్గము ముందు కూర్చుండి, పదుగురికి ఉపయోగపడినందున వచ్చినది. జేడర దాసిమయ్య చూచినచో దీనిని కాయకమనియే పిలుచును.

కాయకమన్న మాటలోనే ఈ సమస్యకు మూలమున్నది. భిక్ష తప్ప వేరు దారి లేకుండ చేసి, పిదప భిక్షమెత్తుచున్నారని నిందించుట లోకరీతి. కర్ణాటకమున మంజమ్మ జోగతి జీవితము దీనికి ప్రత్యక్ష నిదర్శనము. జోగతియై, భిక్షాటనముతో పొట్టపోసికొని, జోగతి నృత్యము నేర్చి, ఆ కళనే కాయకముగా చేసికొన్నది. కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలై, 2021లో పద్మశ్రీ పురస్కారమును అందుకొన్నది. ఆమె ఎదిగినది ఒక విద్య చేతికి వచ్చుటవలన. మఠముల ఆధ్వర్యమున నడచు పాఠశాలలకు, వసతి గృహములకు, వృత్తి శిక్షణాలయములకు అట్టి విద్యను అందించుట అసాధ్యము కాదు. ఆకలిగొన్న విద్యార్థి కులమడుగక అన్నము పెట్టిన మఠములు ఎన్నియో కలవు. ఆ వరుసలో ఈ బిడ్డ వచ్చి కూర్చుండినప్పుడు ప్రక్కవారు విస్తరి తీసికొని లేవకుండ చూచుట మాత్రము వంటశాల పని కాదు, గురువు పని.

ఆత్మకు భేదము లేదన్నది పారమార్థికము, ఇల్లు వాకిలి లౌకికము, రెంటిని కలుపరాదు, అని పెద్దలు కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణ క్రొత్తది కాదు. కల్యాణమున హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెనిచ్చి వివాహము నిశ్చయించినప్పుడు వినబడినది ఇదియే. లింగధారులందరు సమానులని సభలో చెప్పుకొనవచ్చును గాని, చర్మకారుని ఇంటికి బ్రాహ్మణ మంత్రి పిల్లను పంపుటయా యని రాజ్యము మండిపడినది. శరణులు నుడికిని నడతకును నడుమ గోడ కట్టుకొన్నచో హరళయ్య మధువయ్యలు ప్రాణములతో ఉండెడివారు. కల్యాణము చెదరియుండెడిది కాదు. వారు గోడ కట్టలేదు. శివాచారమనగా లింగధారి పూర్వాశ్రమమును విచారింపకుండుట. కులమును విచారింపరాదన్న ఆచారము దేహప్రకృతిని మాత్రము విచారింపవచ్చునని చెప్పుటకు ఆధారమేమి?

పెండ్లి చేసిన సర్దుకొనునను మాట ఒకటి ప్రచారములో నున్నది. దీనిని గూర్చి మెత్తగా మాటలాడుట కష్టము. కుమారుని మనస్సు స్త్రీయందు లేదని తెలిసియు, పరువు కొరకు మరియొక ఇంటి ఆడుబిడ్డను తెచ్చి ముడిపెట్టినచో, అచ్చట మోసపోవునది ఆ బిడ్డయే. ఆమె ఏండ్లతరబడి తనలో ఏదో లోపమున్నదని తలచి కుములుచుండును. అంతరంగ శుద్ధి, బహిరంగ శుద్ధి రెండును కావలెనన్న బసవేశ్వరుని పేరు చెప్పి శుభలేఖ అచ్చువేయించి, అందు అసత్యమును దాచుట ఏ శుద్ధి? అక్కమహాదేవి తనకు సమ్మతము కాని దాంపత్యమును త్యజించినందులకు కీర్తింపబడుచున్నది. ఇంటిలోని బిడ్డ అదే మాటను వణకుచు చెప్పినప్పుడు కొట్టుటయు, గదిలో నిర్బంధించుటయు, మంత్రగాండ్రకడకు త్రిప్పుటయు జరుగుచున్నవి.

తెలుగు వ్యాకర్తలు ఏకవచనమున స్త్రీని అమహత్తుల వరుసలో చేర్చి అన్యాయము చేసిరని పలువురు అందురు. నిజమే. కాని బహువచనమునకు వచ్చునప్పటికి ఆ భాషయే మనుష్యులందరిని 'వారు' అను ఒక్క మాటలో కలిపివేసినది. గౌరవింపదలచినవారిని పిలుచుటకు కూడ తెలుగువారికి అదియే మాట. ఇంటికి వచ్చిన జంగముని 'వారు' అందురు. జంగముడు పురుషుడా యని విచారించి కాదు.

గర్భిణికి ఎనిమిదవ మాసమున గర్భలింగధారణము చేయు ఆచారము వీరశైవ కుటుంబములలో కలదు. లోపలనున్న శిశువు ఆడుదియా, మగవాడా, మరియొక ప్రకృతి కలదియా యని గురువు అడుగడు; అడిగినను చెప్పగలవారు ఆ గదిలో లేరు. తల్లి ద్వారా ఆ శిశువునకు లింగసంబంధము కలుగును. పేరు పెట్టుట తరువాత, ఉడుపులు కుట్టించుట తరువాత, కొడుకని కూతురని బంధువులకు కబురంపుట ఇంకను తరువాత. లింగధారణముతో తన బిడ్డయని గురువు అంగీకరించిన శిశువును, పదునారేండ్లకో ఇరువదియేండ్లకో తన ప్రకృతిని బయటపెట్టినదని తండ్రి గడప దాటించుచున్నాడు. అట్టి బాలలను ఆ కారణముచేత తల్లిదండ్రులనుండి వేరుచేయరాదని, న్యాయస్థానము బిడ్డ మేలుకోరి ఆజ్ఞాపించినప్పుడు తప్ప అది చెల్లదని 2019 నాటి చట్టము నిర్దేశించినది. వీరశైవ గృహమున ఆ నిర్దేశము ఎనిమిదవ నెలలోనే గురుముఖమున జరిగిపోయినది. అప్పుడు లింగమును చేతబట్టి నిలిచిన గురువును ఇప్పుడు ఆ ఇంటివారు మరల పిలిచి, బిడ్డను ఎదుట కూర్చుండబెట్టి, విభూతి పెట్టించవచ్చును.