పెట్టెలో దొరికే కారణం

కారు అద్దం ఎక్కడం మానేస్తే అందరూ అనేది ఒకటే: "మోటారు పోయింది." అబద్ధమేమీ కాదు. కానీ అది ఎందుకు పోయిందో, పోయేదాకా ఏ బరువు లాగిందో ఆ మాటలో లేదు.

మా కారులో డ్రైవరు వైపు అద్దం కొన్నాళ్లుగా బద్ధకిస్తూ వచ్చింది. ఇంజను ఆపి ఉంటే సగంలో ఆగేది, నడుస్తుంటే మూలుగుతూ పైకొచ్చేది. ఆపిన బండిలో బ్యాటరీ ఇచ్చేది పన్నెండున్నర వోల్టులు, ఆల్టర్నేటరు తిరుగుతుంటే దాదాపు 14. ఆ కాస్త తేడా మీదే బతుకీడుస్తోంది మోటారు. ఎండలో నాలుగుసార్లు దించి ఎక్కిస్తే అసలు కదలదు. వేడెక్కితే కరెంటు తెంచుకునే ఏర్పాటు దాని లోపలే ఉంటుంది. చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ పనిచేస్తుంది. ఈ దశలో మనిషి ఒక చేత్తో స్విచ్ నొక్కుతూ రెండో చేత్తో అద్దాన్ని పైకి లాగుతుంటాడు. డోర్ ప్యాడ్ మీద పిడికిలితో ఒక్కటిస్తే కదిలిన సందర్భాలూ ఉన్నాయి. అరిగిన కార్బన్ బ్రష్ ఆ అదురుకి మళ్లీ రాగికి ఆనుకుంటుంది, అంతే. కొట్టినవాడు మాత్రం తన చేతి మహిమ అనుకుంటాడు.

విజయవాడ ఆటోనగర్‌లో కుర్ర మెకానిక్ తలుపు తెరవకుండానే తేల్చేశాడు: "మోటారు మార్చేద్దాం బాబాయ్ గారూ." ముందు విప్పి చూడమన్నాను. క్లిప్పులు విరగకుండా ప్యాడ్ తీశాడు, దాని వెనకున్న ప్లాస్టిక్ షీటును చింపకుండా ఒలిచాడు. ఆ ఒక్క పనితో నాకు అతని మీద గురి కుదిరింది. కారు తలుపులోకి వాన నీళ్లు దిగడం లోపం కాదు, అవి అడుగునున్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. తడి మన వైపు రాకుండా ఆపేది ఈ పల్చటి షీటే. తొందరలో దాన్ని చింపేస్తే ఏ శ్రావణంలోనో కాళ్ల కింద మ్యాట్ నానుతుంది. అప్పుడు మనం కారణం కోసం కారంతా వెతుకుతాం.

అద్దాన్ని, దాన్ని ఎత్తి దించే మెషిన్ నుంచి విడదీసి, నన్ను చేత్తో తోసి చూడమన్నాడు. తేలిగ్గా జారాల్సిన అద్దం పట్టేసింది. బీడింగ్ రబ్బరు ఎండలకి గట్టిపడింది, దాని గాడిలో ఏళ్ల దుమ్ము పేరుకుంది. ఇన్నాళ్లూ మోటారు అద్దాన్ని కాదు, ఆ దుమ్మును లాగింది. అయితే విడిగా తిప్పి చూస్తే మోటారూ నీరసంగానే తిరిగింది.

మరి కారణం ఏది? తర్కశాస్త్రం చదివినవాళ్లకి కుమ్మరి గాడిద గుర్తుండే ఉంటుంది. కుండ పుట్టకముందు మట్టి ఉంది, చక్రం ఉంది, ఆ మట్టి మోసుకొచ్చిన గాడిదా ఉంది. గాడిద కూడా కారణమేనా? కాదంటారు తార్కికులు, అది లేకుండానూ కుండలు పుడతాయి. నా అద్దం దగ్గర గాడిదను పట్టుకోవడం అంత తేలిక కాలేదు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యేదాకా ప్రతి టోల్‌గేటు దగ్గరా డబ్బివ్వడానికి దిగింది ఈ అద్దమే. టోల్‌గేటు కారణమా, గాడిదా? ఎండ? దుమ్ము? కార్బన్ బ్రష్ అరగడమైతే చెడిపోవడం కానే కాదు. రాగి అరగకుండా తాను అరగడానికే దాన్ని అక్కడ పెట్టారు.

గ్యారేజీలో ఇంత మీమాంస ఉండదు. పెట్టెలో కొత్తది దొరికేదే అక్కడ కారణం. దుమ్ముకి పార్ట్ నంబరు లేదు, గ్యారంటీ కార్డు లేదు. ఇందులో మెకానిక్ మోసమేమీ లేదు. సాయంత్రానికి అద్దం ఎక్కాలి, అతను దానికి పూచీపడాలి. నన్ను కలవరపెట్టేది వేరే. కొత్త మోటారుకి సత్తువ ఎక్కువ కాబట్టి మురికి గాడిలోనూ అద్దాన్ని ఈడ్చుకుంటూ ఎక్కిస్తుంది. చూశారా, మోటారే తప్పు అన్నాం కదా అంటారు. అరకొర రోగనిర్ధారణకి రిపేరు విజయమే సాక్ష్యం చెబుతుంది. ఊళ్లోనూ ఇదే తంతు: వార్డులో డ్రైనేజీ పొంగితే ఇంజనీరును బదిలీ చేస్తారు. కొత్తాయన వచ్చిన మొదటి వారం కాలువలు శుభ్రంగానే ఉంటాయి మరి.

సరే, రాపిడే దోషి అని తీర్పు చెబుదామంటే అదీ కుదరదు. అద్దం సగంలో ఆపితే అక్కడే నిలుస్తుంది, పైనుంచి నొక్కినా దిగదు. అలా నిలబెట్టడానికి కరెంటు అక్కర్లేదు. మోటారు ఇరుసు మీద మరచుట్టులాంటి వర్మ్ గేరు పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పళ్ల చక్రం మాత్రం వర్మ్‌ను తిప్పలేదు. ఆ చుట్టు వాలు తక్కువ కావడం, పళ్ల మధ్య రాపిడి ఉండడం, ఈ రెండే ఆ పట్టుకి ఆధారం. బీడింగులో మోటారు ప్రాణం తీసిన రాపిడే గేరులో లేకపోతే గతుకుల రోడ్డు మీద అద్దం జారుకుంటూ దిగేది. పేరు ఒకటే, ఉన్న చోటుని బట్టి హంతకుడు, కాపలాదారు. కారణాన్ని ఒక్క మాటలో చెప్పేవాళ్లని నేను పూర్తిగా నమ్మలేకపోవడం ఇందుకే.

చివరికి రెండూ చేయించాను. మోటారు మార్చాడు, గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాడు. నూనె వద్దన్నాడు, దుమ్ము ఇంకా అంటుకుంటుందట. బిల్లులో మోటారుకి ఒక వరస, కూలికి ఒక వరస. తుడిచిన దుమ్ము ఊసు లేదు. "అదేం పని బాబాయ్ గారూ, దానికేం రాస్తాం?" అన్నాడు. వెనక ఎడమ అద్దం కూడా ఈమధ్య నెమ్మదించింది. దానికి మాత్రం ముందు బీడింగే చూడమని, ఆ పనికీ ఒక వరస రాయమని చెప్పి వచ్చాను.