ఎవరి పేరు, ఎవరి సొత్తు? యుద్ధమృతుల స్మారక ఫలకాల సేకరణ: ఒక నైతిక పరిశీలన

ప్రవేశిక

మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల కుటుంబాలకు బ్రిటిష్ ప్రభుత్వం ఒక్కొక్క కంచు ఫలకాన్ని పంపింది. సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం గల ఆ గుండ్రటి బిళ్ళ మీద మృతుని పేరు ఉబ్బెత్తు అక్షరాలలో ఉంటుంది. అటువంటి ఫలకాలు 13 లక్షలకు పైగా తయారయ్యాయి. ఆనాడు ఇళ్ళకు చేరిన ఈ ఫలకాలలో అనేకం నేడు వేలంశాలలలో, పాత వస్తువుల దుకాణాలలో, సేకర్తల బీరువాలలో కనిపిస్తున్నాయి. ఒక కుటుంబ దుఃఖానికి గుర్తుగా వచ్చిన వస్తువును, ఆ కుటుంబంతో ఏ సంబంధమూ లేని వ్యక్తి వెల ఇచ్చి కొని దాచుకోవడం ధర్మమేనా అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న. చట్టం దృష్టిలో దీనికి సమాధానం సులభం. వారసుడు అమ్మాడు, సేకర్త కొన్నాడు. నైతిక దృష్టిలో మాత్రం అది అంత సులభం కాదు. ఈ ప్రశ్నను ఫలకం స్వరూపం ఆధారంగానూ, తెలుగు సాహిత్యానికి సుపరిచితమైన కొన్ని ధర్మభావనల వెలుగులోనూ పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఫలకం: రూపం, ఉద్దేశం

ఫలకం నమూనా కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1917లో బహిరంగ పోటీ నిర్వహించింది. 800కు పైగా నమూనాలు వచ్చాయి. లివర్‌పూల్‌కు చెందిన శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ నమూనాకు ప్రథమ బహుమతి లభించింది. అందులో చేతిలో దండ పట్టుకొని నిలుచున్న బ్రిటానియా, ఆమె ముందు సింహం, సముద్రబలానికి సంకేతంగా రెండు డాల్ఫిన్లు ఉన్నాయి. స్వేచ్ఛ కోసం, గౌరవం కోసం అతడు మరణించాడన్న వాక్యం అంచు వెంట ఉంది. సుమారు 600 ఫలకాలు స్త్రీలవి. వాటిలో ‘అతడు’ స్థానంలో ‘ఆమె’ చేరింది.

ఈ చర్చకు కీలకమైనది ఫలకం మీద లేని సమాచారం. పేరు తప్ప మృతుని హోదా గాని, దళం గాని, సంఖ్య గాని, మరణించిన తేదీ గాని, స్థలం గాని అందులో లేవు. మరణంలో సేనానికీ సిపాయికీ భేదం లేదన్న భావనతో హోదాను ఉద్దేశపూర్వకంగానే విడిచిపెట్టారు. ఈ నిర్ణయం వల్ల ఫలకం ప్రజలందరి ముందు ప్రదర్శించే బిరుదుపత్రంగా కాక ఇంటివారికి ఉద్దేశించిన వస్తువుగా మారింది. ఇంటివారికి అతని హోదాను వేరుగా చెప్పనవసరం లేదు. పేరు చదివితే చాలు, మిగిలినదంతా వారికి తెలుసు.

అందుకున్నవారందరూ దీనిని ఒకేలా స్వీకరించలేదు. కొందరు గోడకు తగిలించి దశాబ్దాల పాటు తుడిచి మెరుగుపెట్టారు. కొందరు సమాధి రాతిలో పొదిగించారు. కొందరు కోపంతో తిప్పి పంపారు. పెన్నీ నాణెం పోలికను బట్టి దీనికి ‘చచ్చినవాడి పెన్నీ’ అన్న వ్యంగ్యనామం వాడుకలోకి వచ్చింది. మనిషిని తీసుకొని నాణెం ఇచ్చారన్న నిష్ఠురం ఆ పేరులో ఉంది. అంటే ఈ వస్తువు విలువ గురించిన వివాదం సేకర్తలతో మొదలైనది కాదు. అది దానిని మొదట అందుకున్న గడపలోనే పుట్టింది.

అంగడిలో తిరిగివచ్చిన హోదా

ఫలకం తొలగించిన భేదాలను అంగడి మళ్ళీ తెచ్చింది. అధికారి ఫలకానికి సాధారణ సైనికుని ఫలకం కంటే ఎక్కువ వెల పలుకుతుంది. సోమ్ పోరాటం తొలిరోజైన 1916 జూలై 1న మరణించినవారి ఫలకాలకు ప్రత్యేకమైన గిరాకీ ఉంది. ఆ ఒక్కరోజే 19,000 మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోయారు. స్త్రీల ఫలకాలు అరుదు కనుక వాటి వెల మరింత ఎక్కువ. దీనికి భిన్నంగా, బాగా వాడుకలో ఉన్న పేరుగల ఫలకానికి విలువ తక్కువ. జాన్ స్మిత్ అన్న పేరుతో ఎందరో మరణించారు. తోడుగా కాగితాలు లేకపోతే ఈ ఫలకం వారిలో ఎవరిదో తేల్చలేరు. ఎవరిదో తెలియని పేరుకు అంగడిలో తక్కువ వెలే దక్కుతుంది.

మరొక అంశం ఇంకా తీవ్రమైనది. మెరుగుపెట్టని, తొలి రంగు చెడని ఫలకాన్ని సేకర్తలు మేలైనదిగా భావిస్తారు. అక్షరాలు అరిగిన ఫలకం వారి లెక్కలో లోపం గలది. కానీ ఆ అక్షరాలను అరగదీసినది ఎవరు? ప్రతి వారం గుడ్డతో తుడిచిన తల్లి కావచ్చు, భార్య కావచ్చు. దుఃఖం ఆ వస్తువు మీద మిగిల్చిన ఏకైక ప్రత్యక్ష సాక్ష్యాన్ని అంగడి లోపంగా లెక్కిస్తున్నది. ఎవరూ తాకని ఫలకాన్ని ఉత్తమంగా ఎంచుతున్నది. సేకరణ మీద మోపదగిన ఆరోపణలలో ఇది అన్నిటికంటే బలమైనది. వస్తువు మీద ప్రేమ, ఆ వస్తువు ఎందుకు పుట్టిందో ఆ కారణానికే వ్యతిరేకంగా పనిచేసే సందర్భమిది.

సేకర్త పక్షం

సేకర్త పక్షాన చెప్పదగినది తక్కువేమీ కాదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వారసులు పారవేసిన ఫలకాలను తుక్కు కుప్పల నుంచి కాపాడినవారు సేకర్తలే. ఫలకంతోపాటు వచ్చిన యుద్ధ పతకాల అంచు మీద సైనికుని సంఖ్య, పేరు, దళం ముద్రించి ఉంటాయి. ఫలకం ఎవరిదో తేల్చడానికి అవే ఆధారం. అయితే ఆ పతకాలలో ఒకటి వెండిది. 1970ల చివర వెండి ధర పెరిగినప్పుడు అటువంటి పతకాలెన్నో కరిగిపోయాయి. కంచుకు అంత ధర లేదు కనుక ఫలకాలు మిగిలాయి. అలా ఒంటరిగా మిగిలిన పేరును పట్టుకొని, సైనిక పత్రాలు, జనగణన పట్టికలు, ఊరి చర్చి నమోదులు వెతికి అతడెవరో, ఏ వీధివాడో, ఎక్కడ పడిపోయాడో తేల్చే సేకర్తలున్నారు. మనుమలు మరచిన పేరును పరాయివాడు తిరిగి పలికిస్తున్నాడు.

ఇజ్రాయెల్ తత్త్వవేత్త అవిషై మార్గలిట్ ‘ది ఎథిక్స్ ఆఫ్ మెమొరీ’ (2002)లో స్మృతిధర్మాన్ని సన్నిహిత సంబంధాలకు చెందినదిగా నిరూపించాడు. కుటుంబం, స్నేహం, జాతి వంటి గాఢబంధాలలో మాత్రమే గుర్తుంచుకోవలసిన బాధ్యత పూర్తిగా వర్తిస్తుందని అతని వాదం. దీని ప్రకారం సేకర్తకు ఆ మృతుని స్మరించే బాధ్యత లేదు. బాధ్యత లేనివాడు చేసే పని అభిరుచి మాత్రమే అవుతుంది. కానీ ఫలకాన్ని చేతిలోకి తీసుకున్న తరువాత కూడా సేకర్త ఆ మృతునికి పూర్తిగా పరాయివాడేనా అన్న ప్రశ్నకు ఈ విభజనలో సమాధానం దొరకదు. దానికి మహాభారతం వైపు చూడవలసి ఉంది.

స్త్రీపర్వం చూపే దారి

తిక్కన తెనిగించిన పర్వాలలో స్త్రీపర్వం ఒకటి. యుద్ధం ముగిసింది. గాంధారీ విలాపం ముగిసింది. అప్పుడు ఎదురైన ప్రశ్న ఆచరణకు సంబంధించినది: అయినవారు లేని మృతుల గతి ఏమిటి? నానాదేశాల నుంచి వచ్చి పడిపోయిన ఆ అనాథులకు కూడా దహనసంస్కారాలు జరిపించమని ధర్మరాజు విదురుడు, సంజయుడు మొదలైనవారిని నియోగిస్తాడు. అక్కడ కర్తవ్యం బంధుత్వం నుంచి పుట్టలేదు. శవం కళ్ళెదుట ఉండడం నుంచి పుట్టింది. ఎదుట ఉన్నదానిని చూసినవాడు ఇక పరాయివాడు కాడు. పితృతర్పణంలో సంతానం లేనివారికి, బంధువులు కానివారికి కూడా నీళ్ళు వదలడం ఇదే భావనకు ఆచారరూపం.

అదే పర్వం చివర కుంతి కర్ణునికి కూడా తర్పణం విడువమని కోరి, అతడు తన కొడుకని బయటపెడుతుంది. కర్ణుని పేరు పాండవులకు తెలియనిది కాదు. తెలియనిది అతడు ఎవరివాడన్నది. ధర్మరాజు శోకమంతా ఆ జ్ఞానం ఆలస్యంగా అందినందుకే. పేరు తెలియడం వేరు, ఎవరివాడో తెలియడం వేరు అన్న ఈ భేదం ఫలకానికి సరిగ్గా వర్తిస్తుంది. ఫలకం ఇచ్చేది పేరును మాత్రమే. ‘ఎవరివాడు’ అన్న సమాచారం ఇంటివారి మనసులో ఉండేది. ఇల్లు దాటిన క్షణంలో ఫలకం దానిని పోగొట్టుకుంటుంది. కాబట్టి సేకర్త కొన్నది సగం తెగిన వస్తువును. రెండో సగాన్ని వెతకడం అతని పాండిత్యానికి అలంకారం కాదు, కొనుగోలుతోపాటు వచ్చిన బాధ్యత.

నిక్షేపమా, సొత్తా?

మనుస్మృతి చెప్పిన వ్యవహారపదాలలో ఋణాదానం తరువాత నిక్షేపం, దాని తరువాత అస్వామివిక్రయం వస్తాయి. నిక్షేపం నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము. అస్వామివిక్రయం సొంతదారు కానివాడు చేసిన అమ్మకం. స్మారక ఫలకం అమ్మకాన్ని అస్వామివిక్రయం అనడం సాధ్యం కాదు. వారసుడు న్యాయంగా స్వామియే. పేదరికం వల్ల అమ్మిన వితంతువును తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ప్రభుత్వం ఆ ఫలకాన్ని ఒక వ్యక్తికి వ్యక్తిగా ఇవ్వలేదు, మృతునికి అయినవారన్న హోదాలో ఇచ్చింది. ఆ ఇవ్వడంలో దాచడం అన్న షరతు నిగూఢంగా ఉంది. కాబట్టి అమ్మకంతో స్వామ్యం చేతులు మారినా నిక్షేపధర్మం తొలగిపోదు. అది కొన్నవానికి సంక్రమిస్తుంది. దేవాలయ ధర్మకర్త చేతిలో తాళాలు ఉంటాయి, కానీ సొత్తు దేవునిది. సేకర్త స్థానం ఇటువంటిదే.

దీని మీద ఒక ఆక్షేపణ రావచ్చు. నూరేళ్ళ తరువాత వారసులు పదుల సంఖ్యలో ఉంటారు. అమ్మినవాడూ వారసుడే. తిరిగి ఇవ్వాలంటే ఎవరికి ఇవ్వాలి? ఆక్షేపణ సబబైనదే. నిక్షేపధర్మం మొదట అడిగినవానికి అప్పగించమని చెప్పదు. ఫలకాన్నీ దానితో దొరికిన పతకాలనూ పత్రాలనూ విడదీసి అమ్మకూడదని, అరిగిన అక్షరాలను కొత్తగా తీర్చకూడదని, తెలుసుకున్న వివరాలను దాచకూడదని, అయినవారు వెతుక్కుంటూ వస్తే తలుపు మూయకూడదని చెబుతుంది.

సిపాయి పేరు

ఈ చర్చ భారతదేశానికి పరాయిది కాదు. ఆ యుద్ధంలో సుమారు 74,000 మంది భారతీయ సైనికులు మరణించారు. వారి కుటుంబాలకు కూడా ఈ ఫలకాలు వచ్చాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సాధారణ సిపాయిలను దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టారు. ఇటువంటి అసమానతలను కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం 2021లో అంగీకరించి క్షమాపణ చెప్పింది. రాతి మీద అంకెగా మిగిలిన సిపాయి పేరు ఇంటికి వచ్చిన కంచు మీద మాత్రం పేరుగానే నిలిచింది.

కానీ ఇక్కడే ఫలకం సమానత్వంలోని లోపం బయటపడుతుంది. భారతీయ సిపాయిని పత్రాలలో గుర్తించేది తండ్రి పేరుతో, ఊరి పేరుతో. ఫలకం ఆ రెండింటినీ వదిలివేసింది. ఇంటిపేరు లేని ఒంటి పేరు, అదీ పరాయి లిపిలో, ఊరు దాటితే ఎవరినీ సూచించదు. అందరికీ సమానంగా చేసిన లోపం అందరికీ సమానమైన నష్టం కలిగించలేదు. తెలుగు, కన్నడ సీమల వీరగల్లుతో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది. శాసనం గల వీరగల్లు వీరుడు ఎవరివాడో, ఏ పోరులో పడ్డాడో చెబుతుంది. పైగా అది ఊరి పొలిమేరలో నాటిన రాయి, చేతులు మారడానికి వీలైన బిళ్ళ కాదు. నేడు వీరగల్లులు కూడా మ్యూజియం ఆవరణలకు చేరుతున్నాయి. అయినా వాటి మీది అక్షరాలు వాటి ఊరిని ఇంకా చెబుతూనే ఉన్నాయి.

ముగింపు

యుద్ధమృతుల ఫలకాలను సేకరించడం దానంతట అది దోషం కాదు. కొన్నవాడు సొంతదారుగా ప్రవర్తిస్తున్నాడా, నిక్షేపధారిగా ప్రవర్తిస్తున్నాడా అన్న దానిని బట్టి దాని ధర్మాధర్మాలు తేలుతాయి. దీనికి ఒక పరీక్ష ఉంది. ప్రసిద్ధ దళానికి చెందిన అధికారి ఫలకాన్ని ఎవరైనా శ్రద్ధగా కాపాడతారు. దాని వెలే దానికి రక్షణ. ఎంత వెతికినా ఎవరిదో తేలని పేరు, అక్షరాలు అరిగిన ఫలకం, ఒంటి పేరుతో మిగిలిన సిపాయి ఫలకం సేకర్త చేతికి వచ్చినప్పుడు అతడు ఏమి చేస్తాడన్నదే ప్రశ్న. కురుక్షేత్రంలో ధర్మరాజు అనాథ శవాల విషయంలో ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇదే. అంగడి వాటిని పక్కకు నెడుతుంది. వాటిని కూడా తక్కినవాటితో సమానంగా దాచి, అడిగినవారికి చూపగలిగిన సేకర్త మాత్రమే ఆ ఫలకం మీద హోదా ఎందుకు లేదో అర్థం చేసుకున్నవాడు.